ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మానాన్నలకు చుట్టూ అండ ఏర్పాటు చేయడం ఎలా?

రెండేళ్ల కిందట శ్రావణ మాసంలో ఓ తెల్లవారుజామున తెనాలిలో మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది. లోపల గడియ వేసి ఉంది. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. ఏడున్నరైనా గుమ్మం ముందు పాల ప్యాకెట్ అలాగే ఉండటం చూసి పక్కింటి వదినకు అనుమానం వచ్చింది. మనుషుల్ని పిలిచి తలుపు పగలగొట్టించేసరికి అమ్మ తడి టైల్స్ మీద పడి దాదాపు మూడు గంటలైంది. మణికట్టు విరిగింది. మాకు చెబుదామంటే, క్యాలెండర్ మీద రాసున్న నంబరు ఒక్కటే. డాలస్‌లో ఉండే మా అన్నయ్యది. హైదరాబాద్‌లో ఉన్న నాకు కబురు అమెరికా వెళ్లి తిరిగి వచ్చింది.

ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మా అమ్మకు చేశాక మా పెద్దత్తయ్యకు, ఆ తర్వాత స్నేహితురాలి తల్లిదండ్రులకు కూడా ఇదే పద్ధతిలో ఏర్పాట్లు చేశాం. సాయం చేసే మనుషులు, ఆఫీసులు, పథకాలు మన చుట్టూ చాలానే ఉన్నాయి. కానీ ఒక్కోటి ఒక్కో చోట ఉంటుంది. అవసరం పడిన రోజున వెతుక్కుంటే దొరకవు. పెద్దవాళ్లు తిరుగుతూ, సంతకం పెట్టగలుగుతూ, తమ మాట తాము చెప్పగలుగుతున్నప్పుడే వీటిని కుదుర్చుకోవాలి.

మొదటి అడుగు: ఒక రోజంతా పక్కన కూర్చోండి

"నీకేం కావాలమ్మా?" అని అడిగితే వచ్చే జవాబు మనకు తెలిసిందే. "నాకేం, బాగానే ఉన్నాను. మీరు బాగుంటే చాలు." అందుకే అలా అడగకండి. నిన్న ఏం వండుకున్నావు, మొన్న బ్యాంకుకు ఎలా వెళ్లొచ్చావు, గ్యాస్ బండ ఎవరు మార్చారు, రాత్రి ఎన్నిసార్లు లేచావు అని అడగండి. అడగడం కంటే చూడటం ఇంకా మంచిది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఎక్కడ గోడ పట్టుకుంటున్నారో, ఏ పని వాయిదా వేస్తున్నారో గమనించండి.

మందుల డబ్బా తీసి తేదీలు చూడండి. మా అమ్మ డబ్బాలో ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో ఉంది. రెండూ వేసుకుంటోంది! ఫ్రిజ్ తెరిచి చూడండి. రెండు రోజులుగా పెరుగన్నమే తింటుంటే దానికి కారణం ఆకలి లేకపోవడం కావచ్చు, నిలబడి కూర తరగలేకపోవడం కావచ్చు, పళ్లు నొప్పి కావచ్చు. కారణాన్ని బట్టి చేయాల్సిన సాయం మారుతుంది.

చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి, దేన్ని ముందు సరిచేయాలో వాళ్లనే అడగండి. మనకు బాత్‌రూమ్ గురించి భయం ఉండొచ్చు. వాళ్లకు మాత్రం కార్తీక మాసంలో గుడికి తీసుకెళ్లే మనిషి లేకపోవడమే పెద్ద బాధ కావచ్చు. వాళ్లు చెప్పింది ముందు చేయండి. అప్పుడు మనం చెప్పేది వింటారు.

రెండో అడుగు: వీధిలో నలుగురు మనుషులు

ఈ పని మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగతా పథకాలన్నీ దీని తర్వాతే. ఎన్ని లక్షలు పంపినా, ఎన్ని కెమెరాలు పెట్టినా, పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికి రాగలిగేది ఆ వీధిలో ఉన్న మనిషే.

నలుగురిని ఎంచుకోండి. పక్కింటివాళ్లు ఒకరు, ఎదురింట్లోనో వెనకింట్లోనో ఇంకొకరు. రోజూ ఇంటికి వచ్చే మనిషి ఒకరు, అంటే పని చేసే అమ్మాయో, పాలు పోసే ఆయనో, అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్ కుటుంబమో. నాలుగో మనిషి రాత్రి వేళ కూడా పిలిస్తే వచ్చే ఆటో డ్రైవర్. వీళ్లలో ఏదైనా ఒక ఇల్లు ఊళ్లో లేనప్పుడు ఇంకో ఇల్లు ఉండాలి.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. ఫోన్‌లో "కాస్త అమ్మను చూస్తుండండి" అంటే ఎవరైనా సరే అంటారు. కానీ ఏం చూడాలో వాళ్లకు తెలియదు. స్వయంగా వెళ్లి, కూర్చుని, ఒక్కో పనీ విడమరిచి చెప్పండి. "వదినా, ఏడింటికల్లా అమ్మ పాల ప్యాకెట్ లోపలికి తీసుకోకపోతే ఒక్క పిలుపు పిలవండి. పలకకపోతే ఈ తాళం చెవితో తలుపు తీసి, వెంటనే నాకు ఫోన్ చేయండి." అంతవరకే అడగండి. ఆసుపత్రి ఖర్చు, రాత్రి కాపలా లాంటివి వాళ్ల మీద పడవని ముందే చెబితే సంతోషంగా ఒప్పుకుంటారు. ఆటో అబ్బాయికి, పనమ్మాయికి మాత్రం చేసిన పనికి డబ్బు ఇవ్వాల్సిందే. మొహమాటంతో చేసే సాయం ఎక్కువ కాలం నిలవదు.

గుర్తు ఏదైనా రోజూ కంటికి కనిపించేది పెట్టుకోండి. పాల ప్యాకెట్, వాకిట్లో ముగ్గు, వీధి లైటు ఆర్పడం, ఏదైనా సరే. "రోజూ ఎనిమిదింటికి నాకు మెసేజ్ పెట్టు" అంటే పెద్దవాళ్లకు అది టెన్షన్ అవుతుంది. ముగ్గు మాత్రం ఎవరూ చెప్పకపోయినా వేస్తారు.

ఇంటి తాళం చెవి ఒకటి పక్కింట్లో ఉండాలి. పడుకునేటప్పుడు వీధి తలుపుకి లోపలి గడియ కాకుండా, బయటి నుంచి చెవితో తీయగలిగే తాళం వేసుకునేలా ఏర్పాటు చేయించండి. బాత్‌రూమ్ లోపలి గడియ తీయించేసి, బయటి నుంచి కూడా తెరవగలిగేది పెట్టించండి. ఈ చిన్న పనికి మా ఇంట్లో వడ్రంగికి ఒక పూట పట్టింది.

మూడో అడుగు: గోడ మీద ఒక కాగితం

పెద్ద అక్షరాలతో, నల్ల సిరాతో రాసి ఫ్రిజ్ మీదో తలుపు వెనకో అంటించండి. అందులో ఆ నలుగురి నంబర్లు, మీ నంబరు, దగ్గరలో ఉన్న బంధువుది, డాక్టర్‌ది ఉండాలి. విదేశీ నంబరు చివర్లో రాయండి. దాని కిందే వాడుతున్న మందుల పేర్లు, పడని మందు ఉంటే అది, రక్తం గ్రూపు, షుగర్ ఉందో లేదో రాయండి. అంబులెన్స్ వాళ్లు మొదట అడిగేది ఇదే. ఆధార్, ఆరోగ్య కార్డు జిరాక్స్‌లు ఒక కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో కూడా అదే కాగితం మీద రాయండి.

అందరికీ ఉపయోగపడే నంబర్లు ఇవి. అంబులెన్స్‌కు 108. ఈ సేవ 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. పోలీసు సహా ఏ అత్యవసరానికైనా 112. డబ్బు మోసం జరిగితే 1930. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416. ఉచిత న్యాయ సాయానికి 15100.

పెద్దవాళ్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14567. దీన్ని ఎల్డర్‌లైన్ అంటారు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పెన్షన్ సమస్య, దగ్గరలోని వృద్ధాశ్రమం వివరాలు, పిల్లల వేధింపు, రోడ్డు మీద దిక్కులేకుండా కనిపించిన పెద్దాయన విషయం, ఏదైనా చెప్పొచ్చు. అవసరమైతే మనిషిని పంపి చూస్తారు. అయితే గుండెనొప్పి వచ్చినప్పుడు చేయాల్సిన నంబరు ఇది కాదు, అప్పుడు 108కే చేయాలి. ఈ తేడా కాగితం మీద కూడా స్పష్టంగా రాయండి.

నాలుగో అడుగు: ఆరోగ్యం

బీపీ, షుగర్ పరీక్షలు, వాటి మామూలు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఊళ్లోని ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఆ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు మీ అమ్మానాన్నల పేరు, ఇల్లు తెలిసి ఉండాలి. ఊరికి వెళ్లినప్పుడు ఒకసారి పరిచయం చేసుకోండి. బయట కొనాల్సిన మందులకు, తక్కువ ధరకు జనరిక్ మందులు అమ్మే జన ఔషధి కేంద్రంలో అడగండి. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయమని డాక్టర్‌ని కోరితే అక్కడ తేలిగ్గా దొరుకుతుంది. మా అమ్మలా ఒకే మందు రెండుసార్లు వేసుకునే ప్రమాదమూ తప్పుతుంది.

70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆదాయంతో సంబంధం లేదు, తెల్ల కార్డు అక్కర్లేదు. ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి వర్తిస్తుంది. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నా తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం లాంటిది ఉన్నవాళ్లు మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. ఓపీ చీటీకి, నెలవారీ మందులకు ఇది పనికిరాదు.

కార్డు తీయడానికి ఆయుష్మాన్ యాప్ చాలు. ఆధార్ నంబరు, ఓటీపీ, ముఖం ఫోటో అడుగుతుంది. ఇక్కడే చాలామందికి చిక్కు వస్తుంది. వయసును ఆధార్‌ను బట్టే లెక్కిస్తారు. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ రాసిపెట్టిన కాగితమే లేదు. నమోదు చేసినవాళ్లు అంచనాగా జనవరి 1 వేసేశారు. నిజంగా 74 ఏళ్లున్న మనిషి ఆధార్‌లో 67 అయి ఉండొచ్చు. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది అయి ఉండొచ్చు. ఈ రెండూ ఈ వారమే చూసుకోండి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి సరిచేయించుకునేవి కావు ఇవి.

దీనికి తోడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. దగ్గరలో ఏ ఆసుపత్రి ఏ జబ్బుకు ఏ పథకం కింద చూస్తుందో ముందే కనుక్కుని కాగితం మీద రాయండి. ఒకే ఆసుపత్రి గుండెకు ఒప్పుకుని మోకాలి చిప్పకు ఒప్పుకోకపోవచ్చు.

చేతికర్ర, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ, కళ్లజోడు, కట్టుడు పళ్లు తక్కువ ఆదాయం ఉన్న 60 దాటినవాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తారు. ఈ పథకం 2017లో మన నెల్లూరు నుంచే మొదలైంది. క్యాంపులు పెట్టి కొలతలు తీసుకుని ఇస్తారు కాబట్టి, క్యాంపు ఎప్పుడో జిల్లా వయోవృద్ధుల సంక్షేమ కార్యాలయంలో కనుక్కుంటూ ఉండాలి.

జారిపడటం గురించి రెండు మాటలు చెప్పాలి. బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టి స్టీలు కడ్డీలు బిగించండి. నేల మీద జారని రబ్బరు చాప వేయండి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు ఉండాలి. పెరట్లో బాత్‌రూమ్ ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. లేవగానే నడవకుండా, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవడం అలవాటు చేయించండి. బీపీ మందులు వాడేవాళ్లకు నిలబడగానే కళ్లు తిరగొచ్చు. పడినప్పుడు తుంటి దగ్గర నొప్పి ఉండి కాలు కదపలేకపోతే లేపి నడిపించకూడదు, 108కి చేయాలి.

మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అది పక్షవాతం. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీశాకే. కాబట్టి స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లాలి. నోట్లో నీళ్లు, మాత్రలు పోయకూడదు. ఆ నలుగురికీ ఈ మాటలు నోటికి వచ్చేలా చెప్పండి. చెప్పి ఊరుకోక, ఒకసారి తిరిగి చెప్పించుకోండి.

ఐదో అడుగు: డబ్బు చేతికి అందే దారి

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పెన్షన్ రూ.4,000. గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది నెల మొదట్లో ఇంటికే తెచ్చిస్తారు. పెద్దవాళ్లు హైదరాబాద్‌లో మన దగ్గర కొన్నాళ్లు ఉంటే పెన్షన్ పోతుందేమోనని భయపడి రారు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. ఆ మూడో నెల మాత్రం దాటించకుండా చూసుకోవాలి. పెన్షన్ తీసుకునే భర్త చనిపోతే భార్యకు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. మరణ ధ్రువీకరణ పత్రంతో సచివాలయంలో వెంటనే దరఖాస్తు పెట్టండి. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పెన్షన్ 2019లో రూ.2,016 అయింది, 2022లో అర్హత వయసు 57కు తగ్గింది. పని ఎక్కడైనా ఆగిపోతే రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు.

ఉద్యోగం చేసి రిటైరై పెన్షన్ తీసుకునేవాళ్లకు ఏటా లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామని చూపే పత్రం, తప్పదు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇవ్వాలి. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోకపోతే బెంగపడక్కర్లేదు. ఈ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ముఖం చూపిస్తే సరిపోతుంది. అదీ కుదరకపోతే పోస్ట్‌మన్‌ను ఇంటికి పిలిపించుకోవచ్చు. తక్కువ రుసుముకే చేసిపెడతారు.

70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే డబ్బు ఇవ్వడం, తీసుకోవడం లాంటి సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. బ్రాంచికి వెళ్లి పేరు నమోదు చేయించండి. అదే రోజు ప్రతి ఖాతాకూ నామినీ ఉన్నారో లేదో చూడండి. భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో ఎవరైనా ఒకరు నడపగలిగేలా ఉందో లేదో కూడా చూడండి. ఒకరు ఐసీయూలో ఉన్నప్పుడు ఇంకొకరి చేతిలో డబ్బు ఆడక పడే అవస్థ నేను దగ్గర్నుంచి చూశాను.

మోసాల గురించి ఒక్క మాట చెప్పి ఉంచండి. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో లేదు. యూనిఫాం వేసుకుని ఎవరు బెదిరించినా ఫోన్ పెట్టేసి ముందు మీకు చేయమనండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టమవుతుంది. తిడతారన్న భయం ఉంటే పెద్దవాళ్లు చెప్పరు. తిట్టనని ముందే మాట ఇవ్వండి.

ఆరో అడుగు: నలుగురిలోకి

మందులు, డబ్బు కుదిరాక కూడా రోజు గడవాలి కదా. నాన్న పోయాక మా అమ్మ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా టీవీ పెట్టుకుని, చూడకుండా కూర్చునేది. రామాలయంలో విష్ణు సహస్రనామం చదివే ఆడవాళ్ల బృందంలో ఆమెను కలిపింది పక్కింటి వదినే. మగవాళ్లకు వాకర్స్ క్లబ్బు, శాఖా గ్రంథాలయంలో పొద్దుటి పేపరు, పెన్షనర్ల సంఘం ఆఫీసు ఉంటాయి. పెన్షనర్ల సంఘాల్లో కాగితాల పనులు తెలిసినవాళ్లు కూడా దొరుకుతారు.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది. ఆధార్ పట్టుకుని వెళ్తే చాలు. అక్కాచెల్లెళ్ల ఇళ్లకు తిరిగి రావడం మొదలయ్యాక అమ్మ గొంతులో మార్పు నాకు ఫోన్‌లోనే తెలిసింది. 65 దాటినవాళ్లకు తిరుమలలో ప్రత్యేక దర్శనం కోటా ఉంది. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసిపెట్టండి.

ఏడో అడుగు: ఆస్తి రాసే ముందు

ఇది చదివేవాళ్లలో పెద్దవాళ్లు ఉంటే ఈ భాగం రెండుసార్లు చదవండి. బతికుండగానే ఇల్లు, పొలం పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసేసి, తర్వాత అదే ఇంట్లో పరాయివాళ్లయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తొందరపడకండి. వీలునామా రాస్తే ఉన్నన్నాళ్లూ ఆస్తి మీదే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడే రాయాల్సి వస్తే, "నన్ను జీవితాంతం పోషించాలి, ఈ ఇంట్లో ఉండనివ్వాలి" అనే షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులోని 23వ సెక్షన్ ప్రకారం, పోషించాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, పోషించకపోతే రద్దు చేయించుకోవచ్చు. అయితే షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఇచ్చిన తీర్పులో, అలాంటి ఆస్తిని పెద్దవాళ్లకు తిరిగి స్వాధీనం చేసే అధికారం ఈ చట్టం కింద కేసులు వినే ట్రిబ్యునల్‌కు ఉందని కూడా చెప్పింది. నోటిమాట మీద నమ్మకంతో సంతకం పెట్టకూడదని నేను చెప్పేది అందుకే.

పోషణ కోసం దరఖాస్తు ఆర్డీఓ (రెవెన్యూ డివిజనల్ అధికారి) దగ్గర పెట్టాలి, ట్రిబ్యునల్‌ను నడిపేది ఆయనే. ప్లీడరు అవసరం లేదు. తెల్ల కాగితం మీద మీ పేరు, వయసు, పిల్లల పేర్లు, చిరునామాలు, ఏం జరిగిందో, నెలకు ఎంత కావాలో రాసి ఆధార్ జిరాక్స్ జతచేయండి. నెలకు గరిష్ఠంగా రూ.10,000 వరకు ఇప్పించవచ్చు. పిల్లలకు నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. తప్పనిసరైతే ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. తల్లిదండ్రులైతే 60 ఏళ్లు నిండకపోయినా అడగొచ్చు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా తమ తర్వాత పొందబోయే బంధువును అడగొచ్చు. మనిషి కదలలేని స్థితిలో ఉంటే ఆయన తరఫున ఇంకొకరు లేదా ఒక సంస్థ దరఖాస్తు పెట్టవచ్చు.

ఆర్డీఓ ఆఫీసుకు వెళ్లాలంటే చాలామంది తల్లులకు కాళ్లు రావు. "కన్నబిడ్డ మీద కేసా?" అంటారు. అలాంటప్పుడు ముందు 14567కి చేయించండి. వాళ్లు పిల్లలతో మాట్లాడి చూస్తారు. కొన్ని ఇళ్లలో ఆ ఒక్క ఫోన్‌తోనే సర్దుకుంటుంది.

ఎనిమిదో అడుగు: మనిషిని పెట్టుకోవాల్సి వస్తే

ఏజెన్సీ ద్వారా అటెండెంట్‌ను పెట్టుకునేటప్పుడు పనులు, గంటలు, సెలవులు, జీతం కాగితం మీద రాసుకోండి. ఆధార్ కాపీ తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. మొదటి వారం ఇంట్లో మీరో, బంధువులో ఉండండి. వృద్ధాశ్రమం చూడాల్సి వస్తే చెప్పకుండా భోజనం వేళకు వెళ్లండి. అక్కడ ఉన్నవాళ్లతో పక్కన కూర్చుని మాట్లాడండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో, జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో అడగండి. వెళ్లాల్సిన మనిషిని కూడా తీసుకెళ్లి, నచ్చిందో లేదో వాళ్ల నోటితోనే చెప్పించుకోండి.

ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ దసరాకూ, గోడ మీద కాగితం మళ్లీ మొదటి నుంచి చదవండి. ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి చూడండి. తాళం చెవి పక్కింట్లో ఇంకా ఉందా, మందులు మారాయా, రాత్రి లైట్లు వెలుగుతున్నాయా అని చూసుకోండి. మొన్న సంక్రాంతికి నేను వెళ్లేసరికి మా కాగితంలో ఒక నంబరు అప్పటికే కొట్టేసి ఉంది. ఆటో అబ్బాయి సిమ్ మార్చాడట. కొత్త నంబరు పక్కనే పెద్ద అక్షరాలతో అమ్మే రాసుకుంది.